మీటింగ్ ఎనిమిదిన్నరకి, టీ టైమ్ ఆరింటికి

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామంది ఆఫీసు పని మీద అమెరికా వెళ్ళివచ్చేవాళ్ళే. సోమవారం దిగడం, శుక్రవారం రాత్రి మళ్ళీ విమానం ఎక్కడం. వెళ్ళేముందు అందరూ అడిగేది ఒకటే: "మధ్యలో ఒక రౌండ్ గోల్ఫ్ కుదురుతుందా?" కుదురుతుంది. కాకపోతే పేరు మోసిన కోర్సుల మీద మోజు తగ్గించుకోవాలి, తెల్లవారకముందే లేవాలి, ఒంటరిగా వెళ్ళడానికి మొహమాటపడకూడదు. టీ టైమ్ అంటే చాయ్ వేళ కాదు, ఆట మొదలుపెట్టడానికి బుక్ చేసుకునే టైము. ఎక్కువమంది వెళ్ళేది శాన్ ఫ్రాన్సిస్కో, సన్నీవేల్ వైపు కాబట్టి ఆ చుట్టుపక్కల సంగతులే ఎక్కువ చెప్తాను.

ముందు ఒక అలవాటు గురించి మాట్లాడుకోవాలి. మన దేశంలో గోల్ఫ్ అనగానే మెంబర్‌షిప్పు గుర్తొస్తుంది, లేకపోతే ఆర్మీ కోర్సు. గోల్కొండ నయా ఖిలాలో కానీ, విశాఖలో ఈస్ట్ పాయింట్‌లో కానీ, మనలో చాలామంది మొదటిసారి అడుగుపెట్టింది తెలిసిన మెంబరు ఎవరో వెంటబెట్టుకుని వెళ్తేనే. డబ్బు కట్టి ఎవరైనా ఆడుకోవచ్చు అని కట్టిన కోర్సులు మనకి తక్కువ. ఢిల్లీలో డీడీఏ (ఢిల్లీ అభివృద్ధి సంస్థ) వాళ్ళ కుతుబ్ గోల్ఫ్ కోర్సు ఆ రకం. ఢిల్లీ ట్రిప్పులు పడేవాళ్ళు అది ఉన్న లాడో సరాయ్ అనే చోటి పేరు రాసిపెట్టుకోండి. అమెరికాలో మాత్రం లైబ్రరీ, పార్కు నడిపినట్టే మునిసిపాలిటీ గోల్ఫ్ కోర్సు కూడా నడుపుతుంది. వాటినే అక్కడివాళ్ళు ముద్దుగా 'మునీ' అంటారు. మీరెవరు, ఎవరి తాలూకు అని అడిగేవాడు ఉండడు. ఫీజు కట్టారా, కాలర్ ఉన్న చొక్కా వేసుకున్నారా, అంతవరకే.

ఊరి కోర్సు అంటే నాసిరకం అనుకోకండి. శాన్ ఫ్రాన్సిస్కోలో హార్డింగ్ పార్క్ ఉంది. 1925లో మొదలైన కోర్సు, ఇప్పటికీ నగరానిదే. మధ్యలో ఎంత దిగజారిందంటే, 1998లో పక్కనే ఒలింపిక్ క్లబ్‌లో యూఎస్ ఓపెన్ గోల్ఫ్ టోర్నీ జరిగినప్పుడు దీని ఫెయిర్‌వేలని (బంతి కొట్టే పచ్చిక బాటలని) కార్ల పార్కింగ్‌కి వాడుకున్నారు. తర్వాత నగరం డబ్బు పెట్టి బాగుచేసింది. 2020 ఆగస్టులో, కరోనా రోజుల్లో, ప్రేక్షకులు లేకుండా పీజీఏ చాంపియన్‌షిప్ అనే పెద్ద టోర్నీ అక్కడే జరిగింది. కాలిన్ మోరికావా పదహారో హోల్‌లో, అంటే నాలుగు దెబ్బల్లో ముగించాల్సిన పార్ ఫోర్ మీద, ఒక్క దెబ్బకి బంతిని గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీదికి చేర్చి, రెండో దెబ్బకే గుంటలో వేసి ఈగిల్ చేసి గెలిచాడు. అదే టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) మీద నిలబడి మీరూ కొట్టొచ్చు. నగరవాసులు కట్టేదానికంటే బయటివాళ్ళు చాలా ఎక్కువ కట్టాలి. కోర్సు వాళ్ళ నగరానిదే అయినప్పుడు అది న్యాయమే అంటాను.

అయినా పని దినాల్లో హార్డింగ్ పార్క్ జోలికి వెళ్ళకండి. మౌంటెన్ వ్యూ నుంచి ట్రాఫిక్‌లో పోను రాను, నాలుగున్నర గంటల ఆట, వీటికే రోజు అయిపోతుంది. మీ హోటల్‌కి పదిహేను నిమిషాల దూరంలో మూడు కోర్సులున్నాయి. మౌంటెన్ వ్యూలో షోర్‌లైన్, గూగుల్ ఆఫీసులని ఆనుకుని ఉంటుంది. ఒకప్పటి చెత్త దిబ్బని కప్పేసి కట్టిన పార్కులో భాగం అది. పాలో ఆల్టోలో బేలాండ్స్ ఉంది. దాన్ని దాదాపు కొత్తగా కట్టి 2018లో తెరిచారు. పక్కనే చిన్న విమానాల ఎయిర్‌పోర్టు, పట్ (గ్రీన్ మీద కొట్టే చిన్న దెబ్బ) కొట్టబోతుంటే నెత్తి మీద నుంచి ఒకటి వెళ్తుంది. మూడోది మాఫెట్ ఫీల్డ్ దగ్గర సన్నీవేల్ కోర్సు. వీటికి టీవీలో వచ్చే పేరేమీ లేదు. ఎనిమిదిన్నర మీటింగ్‌కి టైముకి చేరుస్తాయి.

ఎలా చేరుస్తాయో చెప్తాను. ఇక్కడికీ కాలిఫోర్నియాకీ వేసవిలో పన్నెండున్నర గంటల తేడా, చలికాలంలో పదమూడున్నర. అంటే పగలూ రాత్రీ పూర్తిగా తిరగబడతాయి. మొదటి మూడు నాలుగు రోజులు సాయంత్రం ఎనిమిదింటికి కళ్ళు మూతపడతాయి, తెల్లవారుజామున మూడింటికి తెరుచుకుంటాయి. అందరూ ఆ టైములో సీలింగ్ చూస్తూ పడుకుంటారు, లేదా ఫోన్ చూస్తారు. గోల్ఫర్‌కి మాత్రం ఆ జెట్‌లాగ్ ఉచితంగా దొరికిన అలారం. జూన్‌లో అక్కడ ఆరు కావడానికి పది పన్నెండు నిమిషాల ముందే సూర్యోదయం.

చాలా ఊరి కోర్సుల్లో ఇంకో సదుపాయం ఉంది. పొద్దున్నే మొదలుపెట్టిన గ్రూపులు ఒకటో హోల్ నుంచి బయల్దేరి పదో హోల్‌కి చేరేసరికి రెండు గంటలు పడుతుంది. అప్పటిదాకా మొత్తం పద్దెనిమిదిలో వెనక తొమ్మిది హోల్స్ ఖాళీయే. అందుకని తెల్లవారగానే కొద్దిమందిని పదో టీ నుంచి తొమ్మిది హోల్స్ ఆడి వెళ్ళిపోనిస్తారు. 'ఎర్లీ బ్యాక్ నైన్' ఉందా అని ముందురోజు ఫోన్ చేసి అడగండి. ముందు గ్రూపు ఎవరూ ఉండరు కాబట్టి నడుచుకుంటూ ఆడినా గంటా నలభై నిమిషాల్లో అయిపోతుంది. ఆరింటికి మొదలుపెడితే ఏడూ ముప్పావు లోపు కారు దగ్గర ఉంటారు. స్నానం, కాఫీ, మీటింగ్.

"తొమ్మిది హోల్సేనా?" అని ఎవరో ముఖం చిట్లిస్తున్నారు. తొమ్మిది హోల్స్‌ని తక్కువగా చూడటం క్లబ్ గోల్ఫర్ల జబ్బు. 2024లో హ్యాండికాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె) నియమాలు మార్చినప్పటి నుంచి తొమ్మిది హోల్స్ స్కోరుని కూడా ఎప్పటికప్పుడు పద్దెనిమిదికి సమానమైన లెక్కకి మార్చి తీసుకుంటున్నారు, ఇంకో తొమ్మిది కోసం ఎదురుచూడక్కర్లేదు.

సాయంత్రం ట్వైలైట్ రేట్లు చవక అని చెప్పేవాళ్ళుంటారు. నిజమే, చవకే. కానీ మీకు ఇండియా కాల్స్ ఉంటాయి. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర అంటే ఇక్కడ పొద్దున తొమ్మిది. "ఒక్క ఐదు నిమిషాలు సార్" అని మొదలైన కాల్ మీ పదమూడో హోల్‌ని మింగేస్తుంది. అదే అక్కడ పొద్దున ఆరు నుంచి ఏడున్నర వరకూ, హైదరాబాద్‌లో సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది. అప్పుడు మన టీమంతా బయోడైవర్సిటీ జంక్షన్‌లో హారన్లు కొడుతూ ఉంటారు. మిమ్మల్ని ఎవరూ పిలవరు.

ఇక ఒంటరిగా వెళ్ళడం. మనవాళ్ళకి ఇదే పెద్ద ఇబ్బంది. నలుగురం కలిస్తేనే ఆట అనుకుంటాం. అక్కడ టీ షీట్ (టీ టైమ్‌ల పట్టిక) చూడండి: ఎనిమిది పది నిమిషాలకొక స్లాటు, స్లాటుకి నలుగురు. ముగ్గురు బుక్ చేసుకున్న చోట ఒక ఖాళీ మిగులుతుంది. నలుగురికి టీ టైమ్ కావాలంటే రోజుల ముందు కాచుకుని కూర్చోవాలి, ఒక్కడికైతే ముందురోజు రాత్రి కూడా దొరుకుతుంది. ఆన్‌లైన్‌లో కనిపించకపోతే నేరుగా వెళ్ళి స్టార్టర్‌కి (మొదటి టీ దగ్గర వరస చూసేవాడికి) "సింగిల్ ప్లేయర్‌ని" అని చెప్తే చాలు, ఎక్కడో ఒక దగ్గర కలుపుతాడు. టీ టైమ్‌లకి అక్కడ ఎంత గిరాకీ అంటే, లాస్ ఏంజిలిస్ ఊరి కోర్సుల్లో స్లాట్లని దళారులు ముందే కొనేసి అమ్ముకుంటున్నారని 2024లో పెద్ద గొడవైంది. నగరం వాళ్ళు మనిషికి పది డాలర్ల డిపాజిట్, రాకపోయినా తిరిగివ్వం అని పెట్టాల్సి వచ్చింది. ఆ గిరాకీలో కూడా సింగిల్‌కి సందు దొరుకుతుంది.

ఎవరితో పడతామో తెలియకపోవడమే అందులో మజా. రిటైరైన బస్సు డ్రైవర్ కావచ్చు, నైట్ డ్యూటీ దిగి వచ్చిన నర్సు కావచ్చు. పేరు చెప్పి చేయి కలపండి, హోదా చెప్పకండి. ఏ కంపెనీ అని వాళ్ళడిగితే ఒక్క ముక్కలో చెప్పి వదిలేయండి.

ఇప్పుడు మనకి అసలు దెబ్బ తగిలే చోటుకొద్దాం. కేడీ (బ్యాగ్ మోస్తూ సలహా ఇచ్చే మనిషి) ఉండడు.

మన ఆటలో సగం కేడీదే అని ఒప్పుకోవడానికి సిగ్గుపడక్కర్లేదు. "ఎంత ఉంటుంది?" అని అడుగుతాం, ఆయన సమాధానం చెప్పకుండా సెవెన్ ఐరన్ అనే క్లబ్ (బంతి కొట్టే కర్ర) చేతిలో పెడతాడు. బంతి పొదల్లోకి వెళ్తే ఫోర్‌కేడీ (ముందు వెళ్ళి బంతి ఎక్కడ పడిందో చూసేవాడు) అప్పటికే అక్కడ నిలబడి చెయ్యి ఊపుతుంటాడు. గ్రీన్ మీద "రెండు బాల్స్ కుడికి, సార్" అంటాడు, మనం కొడతాం. పడితే మనది, పడకపోతే ఆయనది. ఇదంతా తీసేసి, బ్యాగ్ మీ భుజాన వేసి, పొగమంచులో మిమ్మల్ని పదో టీ మీద నిలబెడితే ఏమవుతుంది? మొదట బంతి కనపడదు. ఎటు వెళ్ళిందో చివరిదాకా చూసే అలవాటు మన కళ్ళకి లేదు. వెతకడానికి నియమం ప్రకారం మూడు నిమిషాలే. 2019కి ముందు ఐదు ఉండేది, తగ్గించారు. బంకర్‌లో (ఇసుక గుంటలో) మీ అడుగులు మీరే రేక్‌తో చదును చెయ్యాలి. గ్రీన్ మీద బంతి పడి చేసిన గుంట మీరే సరిచెయ్యాలి. ఇవి చెయ్యకుండా నడిచి వెళ్ళిపోతే ఎవరూ ఏమీ అనరు, కానీ ఆ రౌండ్‌లో మీతో మాట తగ్గిపోతుంది.

అందుకని వెళ్ళేముందు ఇక్కడే రెండు రౌండ్లు ప్రాక్టీసు చెయ్యండి. కేడీకి ఇవ్వాల్సింది పూర్తిగా ఇచ్చి, "ఈరోజు మీరు ఏమీ చెప్పొద్దు" అనండి. ఆయన నవ్వుతాడు. ఏ క్లబ్‌తో మీ బంతి ఎంత దూరం వెళ్తుందో ఆ రెండు రౌండ్లలో తెలుస్తుంది, కాస్త బాధగానే.

ఆ దూరాలు కూడా అక్కడ పనికిరావు. హైదరాబాద్ సముద్రమట్టానికి ఐదు వందల మీటర్లకు పైన ఉంది, పైగా వేడి. గాలి పలచన, బంతి ఎగురుతుంది. శాన్ ఫ్రాన్సిస్కో బే (సముద్రపు ఖాతం) పక్కన మీరు సముద్రమట్టంలో, తెల్లవారుజాము చలిలో ఆడతారు. గాలి చిక్కగా ఉంటుంది, బంతి పడిపోతుంది. మొదటి రోజు కళ్ళు మూసుకుని ఒక క్లబ్ ఎక్కువ తీసుకోండి, అంటే ఇంకాస్త దూరం కొట్టేది. విశాఖ నుంచి వచ్చినవాళ్ళకి ఈ బాధ సగమే. గ్రీన్లు కూడా వేరు. మనకి అలవాటైనది బెర్ముడా గడ్డి. అక్కడి తీరంలో చాలా గ్రీన్లలో పోవా యాన్యువా అనే గడ్డి కలిసి ఉంటుంది. మధ్యాహ్నానికి దాని కంకులు పైకి లేచి పట్ చిన్నగా గెంతుతుంది. పొద్దున్నే ఆ గొడవ లేదు కానీ మంచు తడి ఉంటుంది, బంతి సగం దారిలో ఆగిపోతుంది. గట్టిగా కొట్టండి. జూలై అయినా స్వెటర్ పట్టుకెళ్ళండి.

సామాన్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. వారం ట్రిప్‌కి క్లబ్బులు మోసుకెళ్ళొద్దు. కేబిన్‌లోకి రానివ్వరు, చెకిన్ చేస్తే ఒక బ్యాగ్ అలవెన్సు పోతుంది. బూట్లు, గ్లవ్, డజను బంతులు చాలు. మిగతాది అద్దెకి దొరుకుతుంది, ఫోన్‌లో ముందే చెప్పండి. గ్రీన్ ఫీజు మీ సొంత కార్డు మీద కట్టండి, కంపెనీ కార్డు మీద కాదు, దీని మీద చర్చ లేదు. లాప్‌టాప్ కారులో వదలొద్దు, డిక్కీలో కూడా. ఆ ప్రాంతంలో కారు అద్దాలు పగలగొట్టడం మామూలు. విమానం దిగిన రోజు ఆడొద్దు, నిద్రమత్తులో ఫ్రీవే మీద డ్రైవింగ్ చెయ్యడం ఏ రౌండ్‌కీ తగదు.

మధ్యలో శనివారం కలిసొస్తే? అప్పుడు నగరంలోకి వెళ్ళండి. హార్డింగ్ పార్క్ అని అందరూ అంటారు, నేను లింకన్ పార్క్ అంటాను. కోర్సు గతుకులుగా ఉంటుంది, ఫెయిర్‌వేలు దువ్వినట్టు ఉండవు. ఒకప్పుడు అది ఊరి శ్మశానం. చైనా వలసదారుల అంత్యక్రియలకి సంబంధించిన రాతి కట్టడం ఇప్పటికీ కోర్సులో నిలబడి ఉంది. పదిహేడో హోల్ పొడవైన పార్ త్రీ, టీ మీద నిలబడితే గోల్డెన్ గేట్ వంతెన కనిపిస్తుంది. పొగమంచు ఉంటే అదీ కనిపించదు, డబ్బు వాపసు ఇవ్వరు.

న్యూజెర్సీ వెళ్ళేవాళ్ళు చేతులెత్తుతున్నారు. మీ ప్రశ్న నాకు తెలుసు: బెత్‌పేజ్ బ్లాక్. లాంగ్ ఐలాండ్‌లో న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వానిది. 2002, 2009లో యూఎస్ ఓపెన్, 2025లో రైడర్ కప్ (అమెరికా, యూరప్ జట్ల పోటీ) జరిగిన చోటు. మొదటి టీ దగ్గరే బోర్డు ఉంటుంది: చాలా కష్టమైన కోర్సు, బాగా ఆట వచ్చినవాళ్ళే ఆడండి అని. కార్టులు లేవు, నడవాల్సిందే. టీ టైమ్ కోసం రాత్రంతా పార్కింగ్‌లో కారులోనే పడుకునేవాళ్ళున్నారు. ఎడిసన్‌లో మీటింగ్ పెట్టుకుని ఇది ఆలోచించకండి. ఎడిసన్ ఉన్న మిడిల్‌సెక్స్ కౌంటీకే సొంత కోర్సులున్నాయి, ఈస్ట్ బ్రన్స్‌విక్‌లో టామరాక్, ప్లెయిన్స్‌బరోలో మెడోస్. మాన్‌హట్టన్‌లో హోటల్ అయితే కారు కూడా అక్కర్లేదు. ఒకటో నంబర్ సబ్‌వే ఎక్కి చివరి స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్ళేంత దూరంలో వాన్ కోర్ట్‌లాండ్ పార్క్ కోర్సు. 1895 నాటిది, అమెరికాలో మొదటి పబ్లిక్ గోల్ఫ్ కోర్సు అదే.

డిసెంబరు ట్రిప్పుల విషయంలో ఆశ పెట్టుకోకండి. కాలిఫోర్నియాలో కూడా సూర్యోదయం ఏడూ ఇరవైకి, సాయంత్రం ఐదు కాకముందే సూర్యాస్తమయం. వారం మధ్యలో రౌండ్ కుదరదు, లైట్లున్న డ్రైవింగ్ రేంజ్‌లో బంతులు కొట్టి సరిపెట్టుకోవాలి. వానలు పడితే నేల బురద. తిరిగి వచ్చేముందు బూట్ల అడుగున మట్టి శుభ్రంగా కడగండి, ఏ దేశం కస్టమ్స్‌కైనా మట్టి నచ్చదు.

ఇక మీ ప్రశ్నలు. ఎడమచేతి ఆటగాళ్ళు ముందు అడగండి, అద్దె సెట్ల విషయంలో మీకు చెప్పాల్సింది వేరే ఉంది.