అయస్కాంత మెదడు చికిత్స: ఆస్పత్రి యంత్రం నుంచి చేతి పరికరం దాకా

సంధానకర్త: అయస్కాంతంతో మెదడును ప్రేరేపించే టీఎంఎస్ చికిత్స అనగానే ఆస్పత్రిలోని పెద్ద కుర్చీ, దాని పక్కన బరువైన యంత్రం గుర్తుకొస్తాయి. ఇంజినీరుగారూ, దీన్ని ఇంట్లో వాడుకునేంత చిన్నది చేయడం సాధ్యమేనా?

బయోమెడికల్ ఇంజినీర్: కొంతవరకు సాధ్యమైంది. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం చూపిన సూత్రమే ఇప్పటికీ ఆధారం. కెపాసిటర్ అనే భాగంలో నిల్వ చేసిన విద్యుత్తును తీగచుట్టలోకి ఒక్కసారిగా వదిలితే, వేల ఆంపియర్ల ప్రవాహం మిల్లీసెకనులోపే పుట్టి ఆగిపోతుంది. అంత వేగంగా మారే అయస్కాంత క్షేత్రం పుర్రెను దాటి మెదడు పైపొరలో స్వల్ప విద్యుత్తును పుట్టిస్తుంది. ఇలాంటి ఒక్కో అయస్కాంత తాకిడినే పల్స్ అంటాం. ఒక్క పల్స్‌కు చిన్న పరికరం చాలు. డిప్రెషన్ చికిత్సలో లాగా సెకనుకు పది చొప్పున, ఒక్కో విడతకు మూడు వేల పల్సులు ఇవ్వాలంటే మాత్రం తీగచుట్ట వేడెక్కుతుంది, బ్యాటరీ తట్టుకోదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

నరాల వైద్యురాలు: అందుకే ఇంటికి ముందుగా వచ్చింది, ఒక్కో పల్స్‌తో పనిచేసే మైగ్రేన్ తలనొప్పి పరికరం. 2013 డిసెంబరులో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సెరీనా అనే పరికరానికి అనుమతి ఇచ్చింది. రోగి దాన్ని రెండు చేతులతో పట్టుకుని, తల వెనుక భాగానికి ఆనించి మీట నొక్కితే చాలు. కళ్లముందు మెరుపులు కనిపించే రకం మైగ్రేన్‌పై జరిపిన పరీక్ష 2010లో లాన్సెట్ న్యూరాలజీ అనే వైద్య పత్రికలో వచ్చింది. రెండు గంటల తర్వాత నొప్పి లేనివారు అసలు పరికరం వాడినవారిలో 39 శాతం, ఉత్తుత్తి పరికరం వాడినవారిలో 22 శాతం. ఈ తేడా నిజమైనదే, కానీ సగానికి పైగా రోగులకు అప్పటికీ నొప్పి పూర్తిగా పోలేదన్న సంగతి కూడా వారికి ముందే చెప్పాలి.

సంధానకర్త: టోపీలా ధరించేవి?

ఇంజినీర్: అమెరికాలోని హ్యూస్టన్ మెథడిస్ట్ ఆస్పత్రిలో తీగచుట్టలు మానేసి, టోపీకి అమర్చిన చిన్న శాశ్వత అయస్కాంతాలను మోటార్లతో తిప్పే పద్ధతి రూపొందించారు. వేడి సమస్య తగ్గుతుంది, కానీ క్షేత్రం చాలా బలహీనం. పక్షవాతం వచ్చిన 30 మందిపై జరిపిన తొలి పరీక్షలో మెదడు చురుకుదనం పెరిగినట్టు స్కానుల్లో కనిపించింది. కదలికల్లో మెరుగుదల మాత్రం గణాంకపరంగా తేలలేదు.

సంధానకర్త: ఎవరు వాడకూడదు డాక్టరుగారూ?

వైద్యురాలు: తలలో లోహపు క్లిప్పులు, కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం చెవి లోపల అమర్చే పరికరం), ఛాతీలో పేస్‌మేకర్ ఉన్నవారు వాడకూడదు. మూర్ఛ ఉన్నవారు, ఇంట్లో ఎవరికైనా మూర్ఛ ఉన్నవారు ఆ విషయం వైద్యుడికి ముందే చెప్పాలి. ఆన్‌లైన్‌లో కనిపించే అయస్కాంత టోపీ ఏదైనా సరే, ఏ జబ్బుకు, ఏ మోతాదుకు అనుమతి ఉందో చూడకుండా తలకు పెట్టుకోవద్దని వేడుకుంటున్నాను.