స్నూకర్ సీజన్: ఏడాది పొడవునా సాగే పరీక్ష
(భీమవరంలో క్రీడాభిమానుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, డెల్టా పట్టణాల క్లబ్బుల కార్యదర్శులకు, కోనసీమ నుంచి గోదావరి దాటి వచ్చిన మిత్రులకు, వెనుక వరుసల్లో కూర్చున్న యువ ఆటగాళ్లకు నమస్కారం.

స్నూకర్ మహామహుల గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. వారి ప్రస్తావన ఎలాగూ వస్తుంది. అయితే ఈ సాయంత్రం నేను ఎక్కువ సేపు మాట్లాడదలచినది ఆ మహామహులను తయారుచేసిన ఏడాది గురించి: సీజన్ ఎప్పుడు మొదలవుతుంది, ఏ నెలలో ఎవరికి ఆడే అర్హత ఉంటుంది, ఒక టోర్నీలో గెలిచిన సొమ్ము మరో టోర్నీకి దారి ఎలా తెరుస్తుంది అన్న సంగతులు. చేతిలో నేర్పున్న కుర్రవాణ్ణి ఆటగాడిగా నిలబెట్టేది ఆ టోర్నీల పట్టికేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. మన డెల్టాలో నేర్పుకు కొదవ లేదు. ఉండవలసిన పట్టికే లేదు.

ఈ ఆట మన దేశంలోనే పుట్టింది. 1875లో జబల్‌పూరులో నెవిల్ చాంబర్లేన్ అనే బ్రిటిష్ సైనికాధికారి బిలియర్డ్స్ బల్ల మీద రంగు బంతులు చేర్చి దీనికి రూపం ఇచ్చాడు. ఊటీ క్లబ్బులో దీని నియమాలు కుదురుకున్నాయి. ఆ తరువాత అర్ధ శతాబ్దం పాటు ఆట ఉన్నది గాని, సీజన్ అనదగినది లేదు. మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచులు 1926 చివర మొదలై, ఆగుతూ సాగుతూ, 1927 మే నెలలో బర్మింగ్‌హామ్‌లో ముగిశాయి. గెలిచిన జో డేవిస్ 1946 వరకు పదిహేను సార్లు ఆ బిరుదు నిలుపుకున్నాడు. అంతటి ఆటగాడు ఉండి కూడా, ఆయన తప్పుకున్న కొన్నేళ్లకే ఆదరణ పడిపోయి, 1958 నుంచి 1963 దాకా ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరగనే లేదు. మంచి ఆటగాళ్లు ఆ ఆరేళ్లలోనూ ఉన్నారు. వారు ఫలానా నెలలో ఫలానా చోట కలుసుకుని ఆడే ఏర్పాటు లేదు, అంతే.

1969లో బీబీసీ రంగుల టెలివిజన్ కోసం స్నూకర్ కార్యక్రమం మొదలుపెట్టిన తరువాత పరిస్థితి మారింది. 1977లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ షెఫీల్డు నగరంలోని క్రూసిబుల్ థియేటర్‌కు చేరింది. దాదాపు వెయ్యి మంది మాత్రమే పట్టే ఆ చిన్న నాటకశాలలోనే నేటికీ సీజన్ ముగుస్తోంది. 1985 ఫైనల్లో ముప్పై అయిదో ఫ్రేమ్ (మ్యాచ్‌లో ఒక ఆట) చివరి నల్లబంతి మీద డెనిస్ టేలర్ స్టీవ్ డేవిస్‌ను ఓడించినప్పుడు అర్ధరాత్రి దాటినా బ్రిటన్‌లో కోటీ ఎనభై అయిదు లక్షల మంది చూస్తూ కూర్చున్నారు.

ఇప్పటి సీజన్ నడిచే తీరు చూద్దాం. మన కాలువలకు నీరు వదిలి సార్వాకు నారుమళ్లు సిద్ధమయ్యే రోజుల్లోనే అక్కడ కొత్త సీజన్ మొదలవుతుంది. దాళ్వా కోతలు పూర్తయ్యే రోజుల్లో, అంటే మే మొదటి వారంలో, ముగుస్తుంది. వేసవిలో లీస్టర్ నగరంలో ఆటగాళ్లను గ్రూపులుగా విడదీసి ఆడించే ఛాంపియన్‌షిప్ లీగ్‌తో క్యూలు (ఆట కర్రలు) బయటికి వస్తాయి. ఆగస్టు నుంచి చైనాలోనూ బ్రిటన్‌లోనూ ర్యాంకింగ్ టోర్నీలు, అంటే ఆటగాడి స్థానం లెక్కలోకి వచ్చేవి, ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఇంగ్లండ్, ఉత్తర ఐర్లండ్, స్కాట్లండ్, వేల్స్ పేర్లతో జరిగే నాలుగు ఓపెన్ టోర్నీలను 2016 నుంచి ఒక వరుసగా కట్టారు. నవంబరు, డిసెంబరు సంధిలో యార్క్ నగరంలో యూకే ఛాంపియన్‌షిప్, జనవరిలో లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో మాస్టర్స్, ఏప్రిల్ మూడో వారం నుంచి పదిహేడు రోజులు క్రూసిబుల్: ఈ మూడింటినీ కలిపి ట్రిపుల్ క్రౌన్ అంటారు. మన ఇళ్లలో సంక్రాంతి సందడి సాగే వారంలోనే తరచూ మాస్టర్స్ జరుగుతుంది కనుక, ఈ జిల్లాల్లో ఆ టోర్నీని చూసేవారు తక్కువ. నిజానికి మొదటి మ్యాచ్ నుంచే ఉద్దండులు తలపడే టోర్నీ అది.

అసలు విషయం ర్యాంకింగ్‌లో ఉంది. 1976లో ర్యాంకింగ్ మొదలైనప్పుడు ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫలితాలు మాత్రమే లెక్కలోకి వచ్చేవి. 1980ల ఆరంభం నుంచి ఇతర టోర్నీలు చేరాయి. అయినా చాలా కాలం జాబితాను ఏడాదికి ఒక్కసారే సవరించేవారు. ఒకసారి తొలి పదహారు మందిలో చేరినవాడు ఆ ఏడాది ఎంత పేలవంగా ఆడినా ప్రతి పెద్ద టోర్నీలోనూ నేరుగా ప్రధాన పోటీకి వెళ్లేవాడు. 2010 తరువాత సీజన్ మధ్యలోనే సవరించడం, 2014 నుంచి పాయింట్లకు బదులు గెలిచిన సొమ్మునే ర్యాంకింగ్‌గా లెక్కించడం వచ్చాయి. గత రెండేళ్లలో ర్యాంకింగ్ టోర్నీల్లో గెలిచిన మొత్తమే ఆటగాడి స్థానం. కొత్త టోర్నీ సొమ్ము చేరుతుంటే, రెండేళ్ల కిందటి అదే టోర్నీ సొమ్ము తొలగిపోతుంది.

ఈ నియమం ఎంత నిర్దాక్షిణ్యమైనదో ఒక ఉదాహరణ చెబుతాను. బెల్జియం ఆటగాడు లూకా బ్రెసెల్ 2023లో మార్క్ సెల్బీని 18-15తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ గెలుపుకు దక్కిన 5 లక్షల పౌండ్లు, మన లెక్కలో అయిదు కోట్ల రూపాయలకు పైమాట, రెండేళ్లు అతన్ని పై వరుసలో నిలబెట్టాయి. 2025లో ఆ సొమ్ము లెక్కలోంచి తొలగగానే తొలి పదహారు మందిలోంచి జారిపోయాడు. ఒక్క పెద్ద గెలుపు ఇల్లు కట్టిస్తుందేమో గాని, స్థానాన్ని మాత్రం నిలపదు. ప్రతి నెలా ఎక్కడో ఒకచోట రెండు మూడు మ్యాచులు గెలుస్తూ ఉండవలసిందే.

ఆ లెక్కకు కోత గీతలు కూడా తోడవుతాయి. యూకే ఛాంపియన్‌షిప్ ముగిసిన రోజు నాటి తొలి పదహారు మందికే మాస్టర్స్ పిలుపు అందుతుంది. అందుకే యార్క్‌లో పదహారో స్థానం చుట్టూ ఉన్నవారు ఆడే మొదటి రౌండు మ్యాచ్ కూడా ఫైనల్ అంత బరువుగా ఉంటుంది. వరల్డ్ గ్రాండ్ ప్రీకి ముప్పై ఇద్దరు, ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్‌కు పదహారుగురు, టూర్ ఛాంపియన్‌షిప్‌కు పన్నెండుగురు. ఈ మూడింటికీ ఆ ఒక్క సీజన్ సంపాదనే కొలమానం. రెండేళ్ల జాబితా నిలకడను కొలిస్తే, ఏడాది జాబితా ఇప్పుడు ఎవరి చేయి సాగుతోందో చెబుతుంది. రెండూ ఉండటం ఈ ఏర్పాటులో నాకు బాగా నచ్చిన అంశం. పది నిమిషాల్లో ఒకే ఫ్రేమ్‌తో మ్యాచ్ తేల్చే షూట్ అవుట్ పోటీని 2017 నుంచి ర్యాంకింగ్‌లో చేర్చడం మాత్రం నాకు సమ్మతం కాదు. చూడటానికి అది సరదా పోటీ. ఒకరి జీవనోపాధిని దానితో తూచకూడదు.

ఈ టోర్నీలు ఆడే వృత్తి ఆటగాళ్ల వలయాన్ని టూర్ అంటారు. అందులో చోటు సుమారు 128 మందికి. రెండేళ్ల జాబితాలో తొలి అరవై నలుగురు తమ కార్డు, అంటే టూర్‌లో ఆడే అర్హత, నిలుపుకుంటారు. మిగిలినవారిలో రెండేళ్ల కార్డు గడువు తీరినవారు బయటికి వస్తారు. వారి స్థానాల్లోకి ఖండాల స్థాయి అమెచ్యూర్ పోటీల విజేతలు, 2011లో మొదలైన క్యూ స్కూల్ పోటీల్లో నెగ్గినవారు వస్తారు. ప్రయాణం, బస, భోజనం ఖర్చులు ఆటగాడివే. చైనాలో జరిగే టోర్నీలకు సైతం క్వాలిఫయింగ్ మ్యాచులు తరచూ బ్రిటన్‌లోనే పెడతారు. అందుకే చైనా కుర్రవాళ్లు పదహారు, పదిహేడేళ్లకే ఊరు విడిచి షెఫీల్డులో ఉండి సాధన చేస్తారు. 2022-23 నుంచి ప్రతి టూర్ ఆటగాడికి సీజనుకు కనీసం 20 వేల పౌండ్లు దక్కేలా హామీ ఇచ్చారు. అది సుఖ జీవనానికి చాలదు. అయినా అంతకు ముందు ఆ భరోసా కూడా లేదు.

సీజన్ ఎంత త్వరగా పెరగగలదో, ఎంత త్వరగా చిక్కిపోగలదో కూడా మనం గమనించాలి. 2009-10లో ర్యాంకింగ్ టోర్నీలు ఆరు మాత్రమే ఉండేవి. 2010లో బ్రిటిష్ క్రీడా ప్రమోటర్ బ్యారీ హెర్న్ ప్రొఫెషనల్ స్నూకర్ పగ్గాలు పట్టిన తరువాత కొన్నేళ్లలోనే ఆ సంఖ్య రెట్టింపు దాటింది. 2020లో కరోనా వల్ల చైనా టోర్నీలన్నీ ఆగి, 2023 శరత్కాలం దాకా తిరిగి రాలేదు. 2020 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను ఏప్రిల్ నుంచి జూలై ఆఖరుకు జరిపారు. 2024లో సౌదీ అరేబియా భారీ బహుమతులతో పట్టికలోకి వచ్చింది.

మన దేశానికీ ఈ పట్టికలో కొంతకాలం చోటు దక్కింది. ఇండియన్ ఓపెన్ 2013లో ఢిల్లీలో ర్యాంకింగ్ టోర్నీగా మొదలైంది. మన ఆదిత్య మెహతా ఫైనల్ దాకా వెళ్లి చైనా ఆటగాడు డింగ్ జున్‌హుయ్ చేతిలో ఓడాడు. 2015లో ముంబై, 2016లో హైదరాబాదు, 2017 సెప్టెంబరులో మన విశాఖపట్నం, 2019లో కొచ్చి ఆతిథ్యం ఇచ్చాయి. హైదరాబాదు ఫైనల్లో ఆంథొనీ మెక్‌గిల్ చేతిలో ఓడిన కైరెన్ విల్సన్ 2024లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. విశాఖలో మెక్‌గిల్‌ను 5-1తో ఓడించి జాన్ హిగ్గిన్స్ గెలిచాడు. నాలుగు సార్లు ప్రపంచ బిరుదు పొందిన ఆటగాడు మన ఇళ్లకు కొన్ని గంటల ప్రయాణ దూరంలో ట్రోఫీ ఎత్తాడు. కొచ్చి తరువాత ఆ టోర్నీ పట్టికలోంచి పోయింది. దానితో మన పిల్లలు అగ్రశ్రేణి ఆటను సమీపం నుంచి చూసే అవకాశమూ పోయింది.

పంకజ్ అద్వానీ 2012లో ప్రొఫెషనల్ టూర్‌లో చేరి, 2013 వెల్ష్ ఓపెన్‌లో క్వార్టర్ ఫైనల్ చేరాడు; రెండేళ్లకే టూర్ విడిచి తిరిగి వచ్చాడు. అమెచ్యూర్ ప్రపంచ పోటీల్లో బిలియర్డ్స్‌లోనూ స్నూకర్‌లోనూ అంతటి విజేత మరొకరు లేరు. అటువంటివాడు సైతం ఏడాదిలో ఎక్కువ నెలలు ఇంటికి దూరంగా ఉండాలా అని ఆలోచించుకోవలసి వచ్చిందంటే, ఆ సీజన్ ఎంత నిబద్ధత అడుగుతుందో ఊహించవచ్చు. 2025 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో చైనా ఆటగాడు జావో షింటాంగ్ నాలుగు క్వాలిఫయింగ్ మ్యాచులు, ఆపై క్రూసిబుల్‌లో ఫైనల్‌తో కలిపి అయిదు ప్రధాన మ్యాచులు గెలిచి, ఫైనల్లో మార్క్ విలియమ్స్‌ను 18-12తో ఓడించి, ఆ బిరుదు పొందిన తొలి ఆసియా ఆటగాడయ్యాడు. ఆ గెలుపు వెనుక చైనా ఇరవై ఏళ్లుగా పెంచుకున్న టోర్నీల వరుస ఉంది.

మన సంగతికి వద్దాం. డెల్టా పట్టణాల క్లబ్బుల్లో మంచి బల్లలు ఉన్నాయి. క్లబ్బులో స్కోరు చూసే మార్కర్ల చేతుల్లోనే ఆట నేర్చుకుని, యాభై, అరవై పాయింట్ల బ్రేకులు (ఆగకుండా వరుసగా సాధించే పాయింట్లు) కొట్టే కుర్రవాళ్లు ఉన్నారు. అయితే వారు ఏడాది పొడవునా అదే బల్ల మీద అదే నలుగురితో ఆడతారు. ఇతర ఊరి బల్ల మీద అంచు కుషన్ బంతిని ఎంత బలంగా తిప్పికొడుతుందో, సముద్రపు గాలి తేమకు గుడ్డ బరువెక్కినప్పుడు బంతి ఎక్కడ ఆగుతుందో వారికి తెలిసే అవకాశమే రాదు. పెద్ద టోర్నీల్లో ఆ తేమ పోవడానికి బల్ల పలక కిందనే వేడి పుట్టించే ఏర్పాటు ఉంటుంది. మనకు అది లేదు కనుక, ఊరూరా ఆడి అలవాటు పడటమే మార్గం. ఎప్పుడో ఒక దాత ముందుకు వస్తే ఒక టోర్నీ జరుగుతుంది. మరుసటి ఏడాది అది ఉంటుందో లేదో ఎవరికీ తెలియదు. తెలియని తేదీ కోసం ఎవరూ సాధన చేయలేరు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. కాకినాడ, రాజమహేంద్రవరం, అమలాపురం, భీమవరం, తాడేపల్లిగూడెం క్లబ్బులు కలిసి, తేదీలు ముందే ప్రకటించి, ఏటా మారని అయిదు పోటీలు నడపాలి. ఆగస్టులో ఒకటి, దసరా తరువాత ఒకటి, డిసెంబరులో ఒకటి. హైదరాబాదు, బెంగళూరుల్లో ఉద్యోగాలు చేస్తున్న మన ఆటగాళ్లు పండుగకు ఇళ్లకు వస్తారు కనుక, కనుమ మరునాటి నుంచి జాబితాలోని తొలి ఎనిమిది మందికి ఆహ్వాన పోటీ. పరీక్షలు ముగిశాక ఏప్రిల్ ఆఖరులో ముగింపు టోర్నీ. అందులో మాత్రం మ్యాచులు తొమ్మిది ఫ్రేములకు తగ్గకూడదు, ఎందుకంటే ఓర్పు పొడవైన మ్యాచుల్లోనే అలవడుతుంది. అప్పుడు క్రూసిబుల్‌లో రోజుకు మూడు విడతలు, మన సమయం ప్రకారం మధ్యాహ్నం రెండున్నరకు, రాత్రి ఏడుకు, పదకొండున్నరకు మొదలవుతాయి. ఉదయం ఆడి, రాత్రి అందరూ కలిసి చూడవచ్చు. ర్యాంకింగ్ రెండేళ్ల లెక్కన ఉండాలి. బహుమతి సొమ్ము తగ్గినా సరే, పొరుగూరి కుర్రవాడికి బస్సు ఖర్చు, ఒక పూట భోజనం నిర్వాహకులే ఇవ్వాలి. 2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి. ఆ రోజుల్లో రాజమహేంద్రవరంలో బస దొరకదు కనుక ఆ ఏడాది తేదీలను ఇప్పుడే సరిచూసుకోవాలి.

దీనికి పెద్ద నిధి అక్కరలేదు. రెండు బల్లలు, ఒక మార్కర్, నాలుగు రోజుల సమయం ఇవ్వగల క్లబ్బులు అయిదు ఉంటే చాలు. తేదీలు వేసిన ముసాయిదా నా వద్ద ఉంది. సభ ముగియగానే కార్యదర్శులు దయచేసి వేదిక పక్కన ఉన్న బల్ల వద్దకు వచ్చి, తమ క్లబ్బు ఏ నెల తీసుకుంటుందో రాసి సంతకం చేయవలసిందిగా కోరుతున్నాను. ఆగస్టు పోటీని ఎవరు తీసుకుంటారన్నది ఈ రాత్రే తేలాలి.