కరెంటు ఏ నౌన్?

వేదిక మీదున్న ఎంఈఓ గారికి, హెడ్మాస్టర్ గారికి, తోటి ఉపాధ్యాయులకు, ఎండలో నిలబడ్డ తల్లిదండ్రులకు నమస్కారం. అమ్మా, ఆ చెట్టు కిందికి రండి, అక్కడికీ వినిపిస్తుంది.

శాలువా కప్పారు, సంతోషం. సర్వీసు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. 31 ఏళ్లు ఇంగ్లీషు చెప్పాను. అందులో ఒక్క పీరియడ్ గురించే చెబుతాను. రేపటి నుంచి నాకు మైకు ఎవరిస్తారు?

ఆరో తరగతి. నౌన్స్, అంటే నామవాచకాల పాఠం. ప్రాపర్, కామన్, కలెక్టివ్, మెటీరియల్, అబ్‌స్ట్రాక్ట్ అని ఐదూ బోర్డు మీద రాశాను. ఐదోదానికి మనందరం చెప్పేదే చెప్పాను: కంటికి కనబడనిది, చేత్తో ముట్టుకోలేనిది. ఉదాహరణ చెప్పమంటే ముందు బెంచీల వాళ్లు గైడులోవే అప్పజెప్పారు. ఆనెస్టీ, బ్రేవరీ, కైండ్‌నెస్. చివరి బెంచీ నుంచి ఒకడు లేచి "కరెంటు సార్" అన్నాడు. క్లాసంతా నవ్వింది. వెక్కిరిస్తున్నాడనుకుని బెల్లు కొట్టేదాకా నిలబెట్టాను.

ఇంటికెళ్లి అన్నం తింటుంటే తట్టింది. కరెంటు కనబడదు. ముట్టుకోకూడదని ఇంట్లో అందరూ చెప్పేదే. నేను చెప్పిన మాటను పట్టుకుని ఆలోచించింది ఆ క్లాసులో వాడొక్కడే. నా నిర్వచనమే తప్పు. గాలి మాత్రం కనబడుతుందా? అయినా అది అబ్‌స్ట్రాక్ట్ నౌన్ కాదు కదా. అబ్‌స్ట్రాక్ట్ నౌన్ అంటే ఒక గుణానికో, స్థితికో, భావానికో పెట్టిన పేరు. ఆ పేరు పెట్టడం మన పిల్లలకు బడికి రాకముందే వచ్చు. మంచి, మంచితనం. చల్లన, చల్లదనం. పేద, పేదరికం. ఇంగ్లీషులో 'నెస్', 'హుడ్' చేసే పని మన 'తనం', 'రికం' చేస్తున్నాయి. అక్కడ మొదలుపెట్టి ఉంటే వాడు నిలబడేవాడు కాదు.

నీళ్ల సంగతీ ఇంతే. పిల్లలు "వాటర్ ఆర్", "మిల్క్ ఆర్" అని రాస్తే ఎర్ర పెన్ను పెడతాం. మనం నీళ్లు వచ్చాయంటాం, పాలు విరిగాయంటాం. తెలుగులో అవి ఎప్పుడూ బహువచనమే. ఇంగ్లీషులో లెక్కపెట్టలేనివి కాబట్టి ఏకవచనం. రెండు వాక్యాలూ పక్కపక్కన రాసి చూపిస్తే పది నిమిషాల పని. ఊరి పేరు చిన్న అక్షరంతో మొదలుపెట్టిన పిల్లల నోట్సుల్లో "నిర్లక్ష్యం" అని రాశాను నేను. తెలుగు లిపిలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అనే తేడానే లేదు. వాళ్లకు అది పూర్తిగా కొత్త అలవాటు. నిర్లక్ష్యం ఎక్కడిది?

కలెక్టివ్ నౌన్, అంటే గుంపుకు పెట్టిన పేరు, అనగానే 'ప్రైడ్ ఆఫ్ లయన్స్' బట్టీ పట్టిస్తాం. సింహాల గుంపును వీళ్లెప్పుడు చూశారు? అరటి గెల, తాళాల గుత్తి, చీమల బారు, గొర్రెల మంద, ఇవన్నీ వాళ్ల నోట్లో ఉన్నవే. సాయంత్రం మంద ఈ గేటు ముందు నుంచే వెళుతుంది. పిల్లల్ని బయటికి తీసుకెళ్లి చూపించి 'ఫ్లాక్' అని చెప్పండి, మర్చిపోరు.

హెడ్మాస్టర్ గారూ, ఇంకొక్క నిమిషం.

మర్నాడు క్లాసుకు వెళ్లాను. తప్పు నాదేనని అందరి ముందూ చెప్పాలనే వెళ్లాను. చెప్పలేదు. పిల్లల ముందు తగ్గడమేమిటనుకున్నాను. వాడు ఆ ఏడాదంతా మళ్లీ చెయ్యెత్తలేదు. ప్రశ్న అడిగితే తల దించుకునేవాడు. మిగతా ఏ పాఠం మర్చిపోయినా ఆ దించుకున్న తల నేను మర్చిపోలేదు.

ఆరో తరగతికి చెప్పే మేడం ఇక్కడే ఉన్నారు. అమ్మా, ఈ పాఠం ఇక మీది. ఎవరైనా వింత జవాబు చెబితే నిలబెట్టకండి. ఎందుకలా అనిపించిందో అడగండి. వాడు చెప్పడం పూర్తయ్యేదాకా ఆగండి. వెనక బెంచీ పిల్లలూ, మేడం అడిగినప్పుడు మీరూ చెయ్యెత్తండి నాన్నా.