ఇంకా రాని బిల్లు గురించి మంత్రి ఏం చెబుతారు?

శ్రోతలందరికీ నమస్కారం.

పార్లమెంటు సమావేశాలు జరిగే రోజుల్లో లోక్‌సభలో ఉదయం 11 గంటలకు, రాజ్యసభలో మధ్యాహ్నం 12 గంటలకు ప్రశ్నోత్తరాల సమయం మొదలవుతుంది. ఒక్కో సభలో ఒక్క గంట. టీవీలో మనకు కనిపించేది ఎక్కువగా గొడవే: నినాదాలు, ప్లకార్డులు, సభ వాయిదా. ఆ గొడవలో ఎవరి చెవినా పడని ఓ మామూలు ప్రశ్న గురించి ఇవాళ మాట్లాడుకుందాం. ‘ఫలానా విషయం మీద కొత్త చట్టం తెచ్చే ప్రతిపాదన ప్రభుత్వానికి ఉందా? ఉంటే వివరాలేమిటి? లేకపోతే కారణాలేమిటి?’ సమావేశాలు ఎప్పుడు జరిగినా ఏదో ఒక శాఖ ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాల్సిందే. ప్రశ్నలో మాటలు కూడా దాదాపు ఇవే.

ప్రశ్న చిన్నదే కానీ మంత్రికి మాత్రం ఇరకాటం. బిల్లు ముసాయిదా శాఖలోనే తయారవుతూ ఉండవచ్చు, న్యాయశాఖ పరిశీలనకు వెళ్లి ఉండవచ్చు. కేబినెట్ ఆమోదించకముందే అందులో ఏముందో సభలో చెప్పేస్తే కుదరదు. అలాగని అసలేమీ లేదనడానికీ వీల్లేదు. సభను తప్పుదోవ పట్టించారంటూ సభా హక్కుల ఉల్లంఘన నోటీసు వచ్చి పడుతుంది. ఈ రెండింటి మధ్య నడవడమే మంత్రి పని.

సభ్యులు కనీసం 15 రోజుల ముందే ప్రశ్నను రాసి పంపాలి. లోక్‌సభలో రోజుకు 20 ప్రశ్నలకు పక్కన నక్షత్రం గుర్తు పడుతుంది. వాటికి మంత్రి లేచి నోటితో జవాబివ్వాలి. మరో 230 ప్రశ్నలకు రాతలో ఇస్తే చాలు. ఏది ముందు, ఏది వెనక అన్నది లాటరీ తీసి తేలుస్తారు.

ప్రశ్న చేరిన దగ్గర్నుంచి శాఖలో టెన్షన్ మొదలవుతుంది. అసలు జవాబు రాయడం పెద్ద పనేం కాదు, మహా అయితే నాలుగైదు వాక్యాలు. దానికి వెనక ‘అనుబంధ ప్రశ్నల నోట్’ అని ఇంకో కట్ట తయారవుతుంది. జవాబు విన్నాక దాని మీద అక్కడికక్కడే వేసే ప్రశ్నే అనుబంధ ప్రశ్న. సభ్యుడు ఇది అడిగితే ఇలా, అది అడిగితే అలా అని ఊహించి రాసిపెట్టినది. మంత్రి ఆ ఫైలు పట్టుకుని సభకు వస్తారు. శాఖ అధికారులు సభ పక్కనున్న గ్యాలరీలో కూర్చుంటారు. మంత్రి కాస్త తడబడ్డారంటే అక్కడి నుంచి చిన్న చీటీ ఒకటి చేతులు మారుతూ ఆయన ముందుకు చేరుతుంది.

నన్నడిగితే ఆ గంటకు ప్రాణం ఈ అనుబంధ ప్రశ్నే. రాసిచ్చిన జవాబు ఎంత జాగ్రత్తగా ఉన్నా, దాని మీద అప్పటికప్పుడు వేసే ప్రశ్నకు ఆ జాగ్రత్త సరిపోదు. మన దేశంలో చట్టసభ సభ్యులకు ప్రశ్నించే హక్కు 1892 చట్టంతో వచ్చింది. అనుబంధ ప్రశ్న వేసే హక్కు కోసం మాత్రం 1909 దాకా ఆగాల్సి వచ్చింది. అడగమన్నారు గానీ తిరిగి అడగనివ్వలేదన్నమాట. బ్రిటిష్‌వాళ్లకు ఏది ఇబ్బందో బాగా తెలుసు!

స్వతంత్రం వచ్చాక అనుబంధ ప్రశ్న పదును 1957లో బయటపడింది. జీవిత బీమా సంస్థ డబ్బును హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లలో పెట్టడం మీద లోక్‌సభలో ప్రశ్నలు మొదలయ్యాయి. కాంగ్రెస్ ఎంపీ ఫిరోజ్ గాంధీ ఆ సంగతిని వదిలిపెట్టలేదు. జస్టిస్ చాగ్లా విచారణ జరిగింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. అప్పుడు స్పీకర్ స్థానంలో ఉన్నది మన తిరుపతి ప్రాంతం వారైన మాడభూషి అనంతశయనం అయ్యంగార్.

సరే, మళ్లీ బిల్లు సంగతికి వద్దాం. ‘విషయం పరిశీలనలో ఉంది’ అని మంత్రి అన్నారనుకోండి. తప్పించుకున్నారులే అని మనం పెదవి విరుస్తాం. పార్లమెంటు అలా వదిలేయదు. ఆ మాటను హామీ కింద రాసుకుంటుంది. లోక్‌సభలో ప్రభుత్వ హామీల కమిటీ 1953 నుంచి ఉంది, రాజ్యసభలో 1972 నుంచి. ‘పరిశీలిస్తాను’, ‘వివరాలు సేకరిస్తున్నాం’, ‘సభ్యులకు తెలియజేస్తాను’ లాంటి మాటలన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. హామీని మూడు నెలల్లో నెరవేర్చాలి. కుదరకపోతే గడువు పొడిగించమని కమిటీని అడగాలి. ఏళ్ల తరబడి నలిగే హామీలూ ఉన్నాయి, కాదనను. అయినా ఖాతాలో ఎక్కిన బాకీ ఊరికే పోదు. అందుకే అనుభవం ఉన్న అధికారులు జవాబులో ఆ మాట పడకుండా చూస్తారు. ‘ప్రస్తుతానికి అలాంటి ప్రతిపాదన ఏదీ లేదు’ అని రాస్తే హామీ కాదు, రేపు బిల్లు తెచ్చినా అబద్ధమూ కాదు.

వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్నే చూడండి. 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ నివేదిక ఇచ్చింది. 2019 డిసెంబరులో బిల్లు లోక్‌సభకు వచ్చింది, అక్కడి నుంచి సంయుక్త కమిటీకి వెళ్లింది. 2022 ఆగస్టులో ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. కొత్త బిల్లు 2023 ఆగస్టులో చట్టమైంది. అన్నేళ్లూ మన ఫోన్ నంబర్లు, ఆధార్ వివరాలు ఎవరెవరి చేతుల్లోకో వెళ్తూనే ఉన్నాయి. ‘చట్టం ఎప్పుడు తెస్తారు’ అన్నది అలాంటప్పుడు లాంఛనంగా అడిగే ప్రశ్న కాదు.

సభలో గొడవ జరిగితే పోయేది కూడా ఈ అనుబంధ ప్రశ్నే. ప్రశ్నోత్తరాల సమయం కొట్టుకుపోయినా రాతపూర్వక జవాబులు సభ ముందుకు వచ్చేస్తాయి. నక్షత్రం గుర్తున్న ప్రశ్నలు నోటిదాకా రాకపోతే వాటికీ రాతలోనే జవాబు. కాబట్టి మంత్రికి నష్టం ఏమీ లేదు, పైగా ఊపిరి పీల్చుకోవచ్చు. అనుబంధ ప్రశ్న మాత్రం ఆ రోజుకు చచ్చిపోయినట్టే. మామూలు రోజుల్లోనే 20 ప్రశ్నల్లో కొన్నే చర్చకు వస్తాయి. 2019 నవంబరులో ఓ రోజు 20 కీ సమాధానాలు పూర్తయితే పత్రికలు దాన్ని విశేషంగా రాశాయి. కోవిడ్ కాలంలో, 2020 సెప్టెంబరు సమావేశాల్లో అసలు ప్రశ్నోత్తరాల సమయాన్నే తీసేశారు. రాతపూర్వక జవాబులు ఇచ్చారు కదా అన్నది ప్రభుత్వం వాదన. తిరిగి అడిగే వీలు లేని జవాబు సర్క్యులర్‌తో సమానం అని నా అభిప్రాయం.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉంటే మంచిది. 2014లో కేంద్రం తెచ్చిన విధానం ప్రకారం, బిల్లు ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచి అభిప్రాయాలు తీసుకోవాలి. అన్ని బిల్లులకూ ఇది జరగడం లేదు. జరగనప్పుడు ఎందుకు జరగలేదని సభలో అడగగలిగేది మన సభ్యులే. మీ ఎంపీ ఏమేం అడిగారో, మంత్రులు ఏం జవాబిచ్చారో పార్లమెంటు వెబ్‌సైట్‌లో సభ్యుడి పేరుతో, శాఖ పేరుతో వెతికి చూడవచ్చు. ఓసారి తెరిచి, మీ పనికో మీ పంటకో సంబంధించిన శాఖ జవాబులు చదివి చూడండి.

నమస్కారం.