గోల్ ముందు ఒక్కరికే చోటు

అందరికీ నమస్కారం. మన దగ్గర హాకీ అంటే మైదానంలో ఆడేదే గుర్తొస్తుంది. ఈ పూట మాట్లాడుకునేది ఐస్ హాకీ గురించి, అందులోనూ గోల్‌కీపర్ ఉద్యోగ జీవితం గురించి. ఉత్తర అమెరికాలోని పెద్ద ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో ఇప్పుడు 32 జట్లున్నాయి. ప్రతి మ్యాచ్‌కీ జట్టుకు ఇద్దరు గోలీలు, అంటే గోల్‌కీపర్లు, సిద్ధంగా ఉంటారు. అంటే ఆ స్థాయి కొలువులు మొత్తం 64. ముందు వరసలో దాడి చేసే ఫార్వర్డ్ ఆటగాడు ఓ ముప్పావు నిమిషం ఆడి బెంచి మీదికి వస్తాడు, వెంటనే ఇంకొకడు దిగుతాడు. అలా 12 మంది ఫార్వర్డ్‌లకు పని దొరుకుతుంది. గోల్ ముందు మాత్రం 60 నిమిషాలూ ఒక్కడే. వాడు గెలిపిస్తున్నంత కాలం ఏ కోచ్ మార్చడు. రెండోవాడికి ఎంత ప్రతిభ ఉన్నా కూర్చోవలసిందే.

ఈ సంగతి తెలియడానికి డొమినిక్ హాషెక్ అనే గోలీ జీవితాన్ని మించిన ఉదాహరణ లేదు. 1965లో చెకోస్లొవేకియాలోని పార్దుబిట్సెలో పుట్టాడు. పదహారేళ్లకే సొంత ఊరి జట్టుకు ఆడాడు. 1983లో షికాగో బ్లాక్‌హాక్స్ జట్టు అతణ్ణి డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, పదో రౌండ్‌లో ఎంచుకుంది. అప్పట్లో కమ్యూనిస్టు దేశం దాటి రావడం తేలిక కాదు కాబట్టి, అంత చివర్లో గానీ ఎవరూ పట్టించుకోలేదు. 1990లో వచ్చాడు. వచ్చేసరికి పాతికేళ్లు, స్వదేశంలో పెద్ద పేరు. అయితే షికాగోలో ఆ సీజన్‌లోనే ఎడ్ బెల్‌ఫోర్ అనే గోలీ కుదురుకున్నాడు. రెండు సీజన్లలో హాషెక్ ఆడింది 25 మ్యాచ్‌లు. మధ్యలో కింది లీగ్‌కీ పంపారు. 1992లో బఫెలో సేబర్స్‌కు మార్చేశారు. 1993 ఫిబ్రవరిలో అక్కడికి గ్రాంట్ ఫ్యూర్ అనే పేరున్న గోలీ వచ్చాడు. 1993-94లో ఫ్యూర్ మోకాలికి దెబ్బ తగిలాకే హాషెక్‌కు నిలకడగా ఆడే అవకాశం దక్కింది. ఆ సీజన్‌లోనే మ్యాచ్‌కి సగటున 1.95 గోల్స్ ఇచ్చాడు. రెండు కన్నా తక్కువ సగటు అంతకు ముందు ఇరవై ఏళ్లలో ఎవరికీ రాలేదు. లీగ్‌లో ఉత్తమ గోలీకి ఇచ్చే వెజీనా ట్రోఫీని మొదటిసారి అందుకునేనాటికి వయసు 29.

ఇక పని ఏమిటో చూద్దాం. గోల్ వెడల్పు 6 అడుగులు, ఎత్తు 4 అడుగులు. బంతికి బదులు వాడే పక్ 3 అంగుళాల అడ్డం, అంగుళం మందం ఉన్న గట్టి రబ్బరు బిళ్ల. మంచు మీద ఎగిరెగిరి పడకుండా ఆటకు ముందు దాన్ని గడ్డకట్టే చలిలో ఉంచుతారు. 30 అడుగుల నుంచి గంటకు 145 కిలోమీటర్ల వేగంతో కొడితే గోల్ చేరడానికి పావు సెకను కూడా పట్టదు. చూసి, చెయ్యి చాపేంత సమయం ఉండదు. కాబట్టి కొట్టకముందే సరైన చోట నిలబడి ఉండాలి. గోల్ గీత మీదే నిలబడితే కాపాడవలసిన వెడల్పు 72 అంగుళాలు. ఆ గీత నుంచి 6 అడుగులు ముందుకొస్తే అదే షాట్‌కు కాపాడవలసింది సుమారు 58 అంగుళాలు, ఎత్తు 38. అలాగని ఇంకా ముందుకు పోతే, ఎదుటివాడు కొట్టకుండా పక్కవాడికి పాస్ ఇస్తాడు. అడ్డంగా జరగవలసిన దూరం పెరిగిపోయి గోల్ ఖాళీగా మిగులుతుంది. ఎక్కడ ఆగాలన్న లెక్క ప్రతి షాట్‌కూ మారుతుంది.

ఇవాళ దాదాపు అందరూ ఆడేది బటర్‌ఫ్లై. మోకాళ్లు దగ్గరగా మంచు మీద పెట్టి, మోకాలి కింది కాళ్లను రెండు పక్కలకూ విసరడం. అప్పుడు ప్యాడ్ల వెడల్పు ముఖం ఎదుటివాడి వైపు తిరిగి నేల మట్టం మూసుకుపోతుంది. ఆ వెడల్పు 11 అంగుళాలకు మించకూడదని నిబంధన. మోకాళ్ల మధ్య సందును ఫైవ్ హోల్ అంటారు, దాని ముందు కర్ర బ్లేడు మంచుకు ఆనించి ఉండాలి. ఇక్కడే తప్పులు జరుగుతాయి. తొందరపడి ముందే కూర్చుంటే భుజాల పై మూలలు తెరుచుకుంటాయి. కూర్చునేటప్పుడు వెనక్కి వాలితే ఛాతీ అడ్డం రాదు. కర్ర ఒక్క అంగుళం లేచినా పక్ కింద నుంచి దూరిపోతుంది. అన్నిటికన్నా ఎక్కువగా నష్టపరిచేది రీబౌండ్: ఆపిన పక్ నేరుగా ముందుకే పడితే, రెండో షాట్ కొట్టేవాడికి గోల్ బార్లా తెరిచినట్టే. దాన్ని మూల వైపు మళ్లించాలంటే ప్యాడ్‌నీ కర్రనూ కొద్దిగా వాల్చి పట్టాలి.

హాషెక్ ఈ పద్ధతికి కట్టుబడలేదు. మంచు మీద పడ్డాక కూడా దొర్లుతూ, కాళ్లు గాల్లోకి లేపి ఆపేవాడు. కర్ర వదిలేసి, బ్లాకర్ (కర్ర పట్టే చేతికి వేసుకునే పలక లాంటి తొడుగు) ఉన్న చేత్తోనే పక్ మూసేసేవాడు. చాలామంది దాన్ని అదృష్టమన్నారు. నేను ఒప్పుకోను. 1994 ఏప్రిల్ 27న న్యూజెర్సీ మీద నాలుగు అదనపు పీరియడ్లు దాకా సాగిన మ్యాచ్‌లో 70 షాట్లు ఆపి, ఒక్క గోల్ ఇవ్వలేదు, 1-0తో బఫెలో గెలిచింది. ఎదుటి గోల్‌లో 21 ఏళ్ల మార్టిన్ బ్రోడర్. 1998 నగానో ఒలింపిక్స్ సెమీఫైనల్లో కెనడా తరఫున షూటౌట్‌కు వచ్చిన ఐదుగురిలో ఒక్కరూ గోల్ చేయలేకపోయారు. ఫైనల్లో రష్యా మీద 1-0తో స్వర్ణం. అదృష్టం ఇన్నేళ్లు వరసగా నిలవదు. మొత్తం ఆరు వెజీనాలు, లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికి ఇచ్చే హార్ట్ ట్రోఫీలు రెండు. హార్ట్‌ను రెండుసార్లు గెలిచిన గోలీ అతనొక్కడే.

అతని ఎన్‌హెచ్‌ఎల్ కెరీర్ సేవ్ శాతం, అంటే వచ్చిన షాట్లలో ఆపినవి, 92.2. గోలీ విలువ అర్థమయ్యే లెక్క ఒకటుంది. మ్యాచ్‌కి 30 షాట్లు, సీజన్‌కి 60 మ్యాచ్‌లు అనుకోండి, 1800 షాట్లు. 90 శాతం ఆపేవాడికీ 93 శాతం ఆపేవాడికీ తేడా 54 గోల్స్. జట్టు సీజన్ చివరి నాకౌట్ పోటీలైన ప్లేఆఫ్స్‌కు వెళ్తుందా ఇంటికి వెళ్తుందా అన్నది తేలేది అక్కడే.

ఈ ఉద్యోగం ఎక్కడ దెబ్బతీస్తుందో తల్లిదండ్రులకు ముఖ్యంగా చెప్పాలి. బటర్‌ఫ్లైలో తొడ ఎముక లోపలికి మెలితిరుగుతుంది. ఒక్క ప్రాక్టీసులోనే ఎన్నో సార్లు కూర్చుని లేస్తే, తొడ ఎముక పైభాగం తుంటి గిన్నె అంచుకు రాసుకుని, ఆ అంచున ఉండే మృదులాస్థి చిరుగుతుంది. గోలీల తుంటి ఆపరేషన్లకు పెద్ద కారణం ఇదే. అందుకే ఎనిమిదేళ్ల లోపు పిల్లల్ని ఒక్క గోల్‌కే కట్టేయొద్దు. ముందు అందరిలా స్కేటింగ్ నేర్చుకోనివ్వండి. గజ్జల్లో నొప్పి అన్న పిల్లవాణ్ణి ఆ రోజు ప్రాక్టీసు మాన్పించి, తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

హాషెక్‌కూ గజ్జల కండరాలే ఎదురు తిరిగాయి. 2002లో డెట్రాయిట్ జట్టుతో ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచి విరమించి, మళ్లీ వచ్చిన 2003-04లో 14 మ్యాచ్‌లే ఆడగలిగాడు. 2006 టురిన్ ఒలింపిక్స్‌లో తొలి మ్యాచ్ పది నిమిషాల లోపే తొడ కండరం పట్టేసి, ఆ సీజన్‌లో మిగిలిన మ్యాచ్‌లన్నీ పోయాయి. 2008 ప్లేఆఫ్స్‌లో మళ్లీ డెట్రాయిట్ తరఫున నాష్‌విల్ మీద నాలుగు మ్యాచ్‌లు ఆడాక చోటు అదే జట్టులోని క్రిస్ ఆస్‌గుడ్‌కు వెళ్లింది. డెట్రాయిట్ కప్ గెలిచినప్పుడు హాషెక్ రెండో గోలీగా బెంచి మీద ఉన్నాడు. అంతటితో మానలేదు. 2010లో, 45వ ఏట, పార్దుబిట్సెకు చెక్ లీగ్ టైటిల్ గెలిపించాడు. తర్వాతి సీజన్ మాస్కోలో స్పార్తక్ జట్టుకు ఆడాడు.