రాతప్రతి ఎడిటర్ చేతికిచ్చే ముందు

అందరికీ నమస్కారం.

ఎడిటర్‌ను పెట్టుకోబోయే కొత్త రచయితలు దాదాపు అందరూ ముందు అడిగేది ఒకటే: "నా నవల పంపిస్తే, దాన్ని తన పేరుతో వేసేసుకుంటే నా గతేంటి?" ఏళ్ల తరబడి రాసుకున్నదాన్ని ముక్కూమొహం తెలియని మనిషికి పంపాలంటే టెన్షన్ ఉంటుంది, కాదనను. కానీ ఆ భయం మీద పెట్టే శ్రద్ధలో సగమైనా వేరే మూడింటి మీద పెట్టండి. అవతల ఉన్నది నిజంగా ఆ ఎడిటరేనా, డబ్బు ఇచ్చే ముందు కాగితం మీద ఏం రాసుకున్నాం, మన దగ్గర ఇంకో కాపీ ఉందా. చాలా గొడవలు వచ్చేది అక్కడే.

ఎందుకంటే, నిజం కాస్త చేదుగా ఉంటుంది గానీ, పేరులేని రచయిత అచ్చుకాని నవలకు మార్కెట్లో పెద్ద గిరాకీ ఉండదు. రాయడం కంటే దాన్ని అమ్మడమే కష్టమని మనకే తెలుసు. ఎడిటర్‌కు అన్నం పెట్టేది ఆయనకున్న మంచి పేరు, ఒక్కసారి దొంగ అన్న మాట పడితే మళ్లీ ఎవరూ పని ఇవ్వరు. అందుకని అసలు జరగదని అనడం లేదు, అరుదు అంటున్నాను.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. రచయితల హక్కుల కోసం దేశాలు చేసుకున్న 1886 నాటి బెర్న్ ఒప్పందంలో ఇప్పుడు 180కి పైగా దేశాలున్నాయి. దాని ప్రకారం మీరు రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీది, ఎక్కడో రిజిస్టర్ చేయిస్తేనే వస్తుందన్నది అపోహ. కాకపోతే కొన్ని దేశాల్లో కోర్టుకెళ్లాలంటే రిజిస్ట్రేషన్ పనికొస్తుంది, కాబట్టి మీ దేశంలో పద్ధతి ఏంటో కనుక్కోండి. రాతప్రతిని కవర్లో పెట్టి తనకు తానే పోస్టు చేసుకుని, ఆ కవరు విప్పకుండా దాచుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దానివల్ల కొత్తగా వచ్చే హక్కేమీ లేదు. దానికంటే మీ పాత డ్రాఫ్టులు, తేదీలున్న ఫైళ్లు, ఎడిటర్‌తో నడిపిన మెయిళ్లు మంచి సాక్ష్యం. ఇంకో విషయం, కాపీరైట్ మీరు రాసిన మాటలకే గానీ ఐడియాకు కాదు. "అన్నదమ్ములు ఆస్తి కోసం కొట్టుకునే కథ నాది" అని ఎవరినీ ఆపలేరు.

ఇక అసలు ప్రమాదానికొద్దాం. 2016 నుంచి కొన్నేళ్లపాటు ప్రపంచవ్యాప్తంగా రచయితలకు, ఏజెంట్లకు, ప్రచురణకర్తలకు తెలిసినవాళ్ల పేర్లతో మెయిళ్లు వచ్చాయి, "మీ కొత్త రాతప్రతి ఒకసారి పంపుతారా" అని. వాళ్లు నమ్మి పంపేశారు. అదంతా చేసింది ఫిలిప్పో బెర్నార్డిని అనే ఒకే మనిషి, లండన్‌లో ప్రచురణ రంగంలోనే పనిచేసేవాడు. 2022 జనవరిలో న్యూయార్క్‌లో పట్టుబడ్డాడు, మరుసటి ఏడాది నేరం ఒప్పుకున్నాడు. వెయ్యికి పైగా రాతప్రతులు సంపాదించాడు, దానికోసం 160కి పైగా నకిలీ డొమైన్లు (మెయిల్ అడ్రసులో @ తర్వాత వచ్చే పేర్లు) రిజిస్టర్ చేశాడు. పుస్తకాలు అందరికంటే ముందు చదవాలన్న యావ తప్ప ఇంకేం లేదని కోర్టుకు చెప్పుకున్నాడు, అది వేరే సంగతి. అతను వాడిన కిటుకు చూడండి: ఇంగ్లిషు ఎమ్ అక్షరం ఉండాల్సిన చోట ఆర్, ఎన్ పక్కపక్కన పెట్టేవాడు. చిన్న అక్షరాల్లో ఆ రెండూ కలిసి అచ్చం ఎమ్ లాగే కనిపిస్తాయి. ఫోన్‌లో గబగబా చూసేవాళ్లకు తేడా ఏం తెలుస్తుంది?

ఇక్కడ కాంట్రాక్టులు, కాపీరైట్లు ఏవీ అడ్డుపడలేదు. అడ్డుపడగలిగింది ఒక్కటే, మెయిల్ అడ్రసును అక్షరం అక్షరం చదవడం, అనుమానమొస్తే మెయిల్‌కు జవాబివ్వకుండా ఆ మనిషికి మనకు ముందే తెలిసిన నంబరుకు ఫోన్ చేయడం. కొత్త ఎడిటర్ అయితే, ఆయన ఎడిట్ చేశానని చెప్పుకున్న పుస్తకం తెరిచి కృతజ్ఞతల పేజీలో పేరుందేమో చూడండి, వీలైతే ఆ రచయితను కదిపి చూడండి. మొత్తం నవల ఒకేసారి పంపకండి. ఒక అధ్యాయం ఇచ్చి నమూనా ఎడిటింగ్ చేయించుకుంటే ఆయన పనితనమూ తెలుస్తుంది, మాటతీరూ తెలుస్తుంది. ఇక, మీరు పిలవకుండానే వచ్చి, ఒక్క పేజీ చదవకుండానే మీ నవలను ఆకాశానికెత్తేసే ఎడిటర్‌కు దూరం నుంచే ఒక దండం పెట్టండి.

దొంగల చేతిలోనే కాదు, మంచివాళ్ల చేతిలోనూ రాతప్రతులు పోతాయి. 1835లో బ్రిటిష్ రచయిత థామస్ కార్లైల్ తన ఫ్రెంచి విప్లవ చరిత్ర మొదటి సంపుటాన్ని అభిప్రాయం చెప్పమని మిత్రుడు, తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్‌కు ఇచ్చాడు. ఉన్నది ఆ ఒక్క ప్రతే. మిల్ దగ్గర ఉండగా పనిమనిషి చిత్తుకాగితాలనుకుని కాల్చేసిందని చెబుతారు. పాపం కార్లైల్ నోట్సు కూడా ఉంచుకోలేదు, అంతా మళ్లీ మొదటి నుంచి రాసుకున్నాడు, పుస్తకం 1837లో వచ్చింది. మనకు ఆ గతి పట్టక్కర్లేదు. మూడు కాపీలు, అందులో ఒకటి మీ కంప్యూటర్‌కు, మీ ఇంటికి బయట ఎక్కడైనా. ఎడిటర్‌కు పంపిన ఫైల్‌ను తేదీతో విడిగా దాచి, మళ్లీ దాని జోలికి వెళ్లకండి. ఆయన మార్పులన్నీ ట్రాక్ చేంజెస్‌లోనే (ఎక్కడ ఏం మార్చారో చూపించే వర్డ్ సదుపాయం) చేయాలని ముందే చెప్పండి, లేకపోతే ఏ వాక్యం ఎప్పుడు మారిపోయిందో మీకే తెలియదు. ఆన్‌లైన్ లింక్ ఇస్తుంటే "లింక్ ఉన్నవాళ్లెవరైనా చూడొచ్చు" అన్న సెట్టింగ్ తీసేసి ఆయన ఒక్కరి అడ్రసుకే ఇవ్వండి, పని అయ్యాక అదీ తీసేయండి. కానీ దయచేసి ప్రతి పేజీకి పాస్‌వర్డులు, అడ్డంగా వాటర్‌మార్కులు పెట్టి పంపకండి, పాపం ఆ మనిషి పనిచేయాలి కదా!

ఒప్పందం అనగానే ఇంటర్నెట్‌లో దొరికిన పది పేజీల గోప్యతా పత్రం ఎడిటర్ మొహాన కొట్టేవాళ్లున్నారు. మంచి ఎడిటర్లు దాన్ని చూసి మెల్లగా తప్పుకుంటారు. మామూలు భాషలో ఒకటిన్నర పేజీ చాలు. ఎవరికీ చూపించకూడదు, తన కింద ఇంకొకరికి పని అప్పగిస్తే ముందు చెప్పాలి, నా అనుమతి లేకుండా తన పనికి నమూనాగా ఇతరులకు చూపకూడదు, పని అయ్యాక ఇన్ని రోజుల్లో ఫైళ్లు తీసేయాలి. అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం ఒకటుంది, చాలామంది అదే మర్చిపోతారు: "ఎడిటర్ చేసిన మార్పులు, తిరగరాసిన భాగాలతో సహా మొత్తం రచన మీద హక్కులన్నీ రచయితవే." అచ్చుతప్పులు దిద్దించుకోవడానికి ఇది పెద్దగా అక్కర్లేదు గానీ, ఎడిటర్ అధ్యాయాలకు అధ్యాయాలు తిరగరాస్తున్నప్పుడు ఇది లేకపోతే, రేపు పుస్తకం ఆడితే "ఇందులో నా వాటా ఏది" అన్న మాట వస్తుంది.

ఈమధ్య ఇంకోటి చేరింది. ఎడిటర్ మీ రాతప్రతిని ఏఐ టూల్‌లో వేసి సారాంశమో, దిద్దుబాట్లో తీయించడం. కొన్ని సర్వీసులు అందులో వేసినదాన్ని తమ మోడళ్లకు శిక్షణ ఇవ్వడానికి వాడుకుంటాయి, కొన్నిట్లో ఆ సెట్టింగ్ ఆపేయొచ్చు. నేనైతే ఒప్పందంలో వద్దనే రాయిస్తాను, మీకు అభ్యంతరం లేకపోతే ఏ టూల్, ఏ సెట్టింగ్‌తో అన్నదైనా అడిగి రాయించుకోండి.

డబ్బు విడతలుగా ఇవ్వండి, ప్రతి విడతకు అప్పటిదాకా ఎడిట్ చేసిన అధ్యాయాలు చేతికొచ్చేలా చూసుకోండి. మధ్యలో మాట తేడా వచ్చి విడిపోయినా, డబ్బు ఇచ్చినంత వరకూ పని మీ దగ్గర ఉంటుంది, మిగతా అధ్యాయాలు ఆయన ఇంకా చూసి కూడా ఉండరు. ఇక మీ ప్రశ్నలు అడగండి, కాంట్రాక్టు నకలు ఎవరైనా వెంట తెచ్చుకుని ఉంటే దాంతోనే మొదలుపెడదాం.