అలారం పెట్టడం వేరు, తట్టి లేపడం వేరు: లినక్స్ సర్వీసుల గోల

నమస్తే. ఈ వీడియో చేయడానికి కారణం ఒక్కటే ప్రశ్న. “సర్వీస్‌ని ఎనేబుల్ చేశాను, అయినా నడవట్లేదు ఏంటి?” దానికి తోబుట్టువు ఇంకొకటి: “డిసేబుల్ చేశాను కదా, ఇంకా నడుస్తూనే ఉందేంటి?” ఈ రెండింటికీ ఎవరో ఒకరు “కంప్యూటర్‌ని ఒకసారి రీస్టార్ట్ చేసెయ్” అని సలహా పారేస్తారు. చేస్తే సరిపోతుంది కూడా. అక్కడే వచ్చింది చిక్కు. పని జరిగిపోతుంది, ఎందుకు జరిగిందో మాత్రం ఎవరికీ పట్టదు.

కంప్యూటర్ ఒక ఇల్లు, సర్వీసులు, అంటే తెర వెనక నడిచే ప్రోగ్రాములు, అందులో పడుకున్న మనుషులు అనుకోండి. ఎనేబుల్ అంటే ఒక మనిషికి రేపటికి, అంటే కంప్యూటర్ మళ్లీ ఆన్ అయ్యేటప్పటికి, అలారం పెట్టడం. స్టార్ట్ అంటే ఇప్పుడే వెళ్లి తట్టి లేపడం. అలారం పెట్టినంత మాత్రాన మనిషి ఇప్పుడు లేవడు. అలారం తీసేసినంత మాత్రాన లేచి తిరుగుతున్నవాడు మళ్లీ పడుకోడు. అంతే సంగతి.

[తెర మీద: టెర్మినల్]

చూడండి, దూరం నుంచి లాగిన్ అవ్వనిచ్చే సర్వీస్ ఎస్‌ఎస్‌హెచ్‌డీని ఎనేబుల్ చేస్తున్నాను. ఏం రాసింది? సింబాలిక్ లింక్, అంటే వేరే చోట ఉన్న ఫైల్‌ని చూపించే గుర్తు, సృష్టించాను అంది. ఈటీసీ కింద సిస్టమ్‌డీ, దాని కింద సిస్టమ్, అందులో మల్టీ-యూజర్ టార్గెట్ వాంట్స్ అనే ఫోల్డర్. టార్గెట్ అంటే కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు చేరాల్సిన మజిలీ. ఆ ఫోల్డర్‌లో ఒక చిన్న లింక్ పడింది. ఎనేబుల్ చేసే పని మొత్తం ఇదే. ఏ ప్రోగ్రామూ మొదలవలేదు. ఇప్పుడు స్టేటస్ కొడితే “ఎనేబుల్డ్” అని ఒక చోట, “ఇనాక్టివ్” అని ఇంకో చోట కనిపిస్తాయి. అలారం ఉంది, మనిషి నిద్రలో ఉన్నాడు. రెండూ ఒకేసారి కావాలంటే ఎనేబుల్ పక్కన రెండు గీతలు పెట్టి “నౌ” అని తగిలించండి.

పాత రోజుల్లోనూ ఇలాంటి లింకులే. అప్పట్లో సర్వీసుల్ని లేపిన సిస్-ఫైవ్ ఇనిట్ కాలంలో ఆర్‌సీ5 డాట్ డీ అనే ఫోల్డర్‌లో ఎస్10 నెట్‌వర్క్, ఎస్55 ఎస్‌ఎస్‌హెచ్‌డీ అని ఉండేవి. ఆ నంబర్ల వరసలోనే ఒకరి తర్వాత ఒకరు లేచేవారు. ముందువాడు బద్ధకిస్తే వెనకవాళ్లంతా పడిగాపులు. 2010లో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ ఇప్పుడు సర్వీసుల్ని లేపి నడిపించే సిస్టమ్‌డీ తెచ్చారు. 2011లో ఫెడోరా 15, 2015లో డెబియన్ 8, ఉబుంటు 15.04 అనే లినక్స్ రకాలు దాన్నే డిఫాల్ట్ చేసుకున్నాయి. దాని మీద జరిగిన గొడవలు ఇప్పుడు తవ్వను. నాకైతే నచ్చింది. నచ్చనివాళ్లకీ కారణాలున్నాయి.

ఇప్పుడు ఆ రెండో ప్రశ్నకి వద్దాం. ప్రింటర్ సర్వీస్ కప్స్‌ని డిసేబుల్ చేశారు, స్టాప్ కూడా చేశారు. కాసేపటికి ప్రింట్ కొడితే మళ్లీ లేచి కూర్చుంది. దెయ్యం ఏమీ లేదండీ. కప్స్ సాకెట్ అని ఇంకొకటి తలుపు దగ్గర కాపలా ఉంటుంది. ఎవరైనా తలుపు తడితే అది లోపలివాణ్ని లేపుతుంది. అలారం లేకపోయినా తలుపు చప్పుడుకి మెలకువ వస్తుంది కదా! అస్సలు లేవకూడదంటే మాస్క్ చేయాలి. అప్పుడు ఆ సర్వీస్ పేరు నేరుగా డెవ్ నల్ అనే ఖాళీ ఫైల్‌కి లింక్ అవుతుంది. అంటే గదికి బయట గడియ పెట్టినట్టు. అలారం మోగినా, తలుపు కొట్టినా, మీరే వెళ్లి స్టార్ట్ అన్నా లేవడు. అందుకే ఎవరో చెప్పారని కనిపించిందల్లా మాస్క్ చేయకండి. ఆరు నెలల తర్వాత ఆ గడియ పెట్టింది మీరేనని మీకే గుర్తుండదు.

ఇక నాకు బాగా ఒళ్లు మండే విషయం, సిస్టమ్‌డీ-ఎనలైజ్ బ్లేమ్. అది ఇచ్చే జాబితాలో, నెట్ వచ్చేదాకా ఆగే నెట్‌వర్క్‌మేనేజర్-వెయిట్-ఆన్‌లైన్ చాలాసార్లు పైనే కనిపిస్తుంది. వెంటనే “దొంగ దొరికాడు, పీకెయ్” అంటారు. బ్లేమ్ చెప్పేది ఎవరు లేవడానికి ఎంతసేపు పట్టిందో. వాళ్ల కోసం ఎవరైనా ఆగారో లేదో అది చెప్పదు. ఇప్పుడు అందరూ ఒకేసారి లేస్తున్నారు కాబట్టి, ఒక మూల ఒకడు బద్ధకంగా దొర్లుతున్నా మిగతా ఇల్లు తన పని తాను చేసుకుంటుంది. ఎవరు ఎవరి కోసం ఆగారో తెలియాలంటే బ్లేమ్ బదులు క్రిటికల్-చెయిన్ కొట్టండి. నెట్‌వర్క్ డ్రైవ్‌ని ఎఫ్‌స్టాబ్‌లో, అంటే ఏ డ్రైవ్‌లు కలుపుకోవాలో రాసే ఫైల్‌లో, పెట్టుకున్నవాళ్లు ఆ వెయిట్-ఆన్‌లైన్‌ని పీకేస్తే, నెట్ రాకముందే మౌంట్ చేయబోయి బోల్తా పడొచ్చు.

డెస్క్‌టాప్. గ్రాఫికల్ టార్గెట్ అంటే ఇల్లంతా లేచి ముందు గది సర్దడం కూడా అయిందని అర్థం. గెట్-డిఫాల్ట్ కొడితే మీ కంప్యూటర్ ఏ టార్గెట్ దాకా వెళుతుందో చెబుతుంది. మల్టీ-యూజర్ అని ఉంటే నల్ల తెర మీద లాగిన్ దగ్గరే ఆగుతుంది. సెట్-డిఫాల్ట్ గ్రాఫికల్ అంటే సరి. లాగిన్ తెర చూపించేది డిస్‌ప్లే మేనేజర్: జీడీఎం, ఎస్‌డీడీఎం, లైట్‌డీఎం, వీటిలో ఏదో ఒకటి. రెండోది ఎనేబుల్ చేయబోతే “ఫైల్ ఇప్పటికే ఉంది” అని మొరాయిస్తుంది. ఎందుకంటే డిస్‌ప్లే-మేనేజర్ అనే లింక్ ఒక్కటే, ఆ ఉద్యోగం ఒక్కరికే. పాతదాన్ని డిసేబుల్ చేసి కొత్తది ఎనేబుల్ చేయండి. తెర నల్లగా నిలిచిపోతే టెన్షన్ పడి పవర్ బటన్ నొక్కకండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి, లాగిన్ అయి, లాగులు చూపించే జర్నల్‌సీటీఎల్‌లో డిస్‌ప్లే-మేనేజర్ లాగ్ చదవండి.

టైమ్ అయిపోతోంది, డయల్-అప్, అంటే మోడెమ్‌తో ఫోన్ చేసి నెట్ తెచ్చుకోవడం, గబగబా చెప్పేస్తాను. అమెరికాలో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ 2025 సెప్టెంబరు 30తో డయల్-అప్ ఆపేసింది, ఇంకా దీని గొడవ ఎందుకు అంటారేమో. మోడెమ్ ఉన్నవాళ్లు అడుగుతున్నారు, వాళ్లకీ చెప్పాలి. పైగా పని చేసే పద్ధతి సరదాగా ఉంటుంది. కంప్యూటర్ మోడెమ్‌కి రీసెట్ అవ్వమని ఏటీజెడ్ అంటుంది, అది ఓకే అంటుంది. ఏటీడీటీ అని నంబర్ ఇస్తే డయల్ చేసి కనెక్ట్ అంటుంది. అక్కడి నుంచి ఆ లైన్ మీద నెట్ నడిపే ప్రోగ్రామ్ పీపీపీడీ అందుకుని, యూజర్ పేరు, పాస్‌వర్డ్ చూపించి ఐపీ తెచ్చుకుంటుంది. నో డయల్‌టోన్ అంటే ఫోన్ వైరు చూసుకోండి, బిజీ అంటే కాసేపు ఆగండి.

దీన్ని మాత్రం బూట్‌లో మొదలయ్యేలా పెట్టకండి. ఇంట్లో ఎవరూ నెట్ వాడకపోయినా ఫోన్ లైన్ పట్టుకుని కూర్చుంటుంది. పీపీపీడీలో డిమాండ్ అనే ఆప్షన్ ఉంది. బయటికి వెళ్లాల్సిన ప్యాకెట్ వచ్చినప్పుడే డయల్ చేస్తుంది. అదే, తలుపు చప్పుడుకి లేవడం.

ఇంకా కొన్ని. ఇంటర్నల్ విన్‌మోడెమ్ అయితే దాని పని చాలావరకు సాఫ్ట్‌వేరే చేయాలి, లినక్స్ డ్రైవర్ దొరకడం కష్టం, వదిలేయండి. బయట పెట్టే సీరియల్ మోడెమ్ సాధారణంగా టీటీవైఎస్0, యూఎస్‌బీది ఎక్కువగా టీటీవైఏసీఎం0 అనే పేరుతో కనిపిస్తుంది. పోర్ట్ బిజీ అని వస్తుంటే మోడెమ్‌మేనేజర్ అనే సర్వీస్ దాన్ని తడిమి చూస్తూ ఉండొచ్చు. మొబైల్ డాంగిల్ వాడనివాళ్లకి ఇక్కడ మోడెమ్‌మేనేజర్‌ని మాస్క్ చేయడం నిజంగా పనికొస్తుంది. నెట్‌కి దారి (రూట్) ఈ లైన్ మీదుగా పెట్టే డిఫాల్ట్‌రూట్, సైట్ల పేర్లు వెతికే డీఎన్‌ఎస్‌ని అవతలి నుంచి అడిగే యూజ్‌పీర్‌డీఎన్‌ఎస్, రెండూ పీపీపీడీ ఆప్షన్లలో పెట్టండి. కనెక్ట్ అయ్యాక కూడా పేజీలు రాకపోతే ఈథర్‌నెట్ కేబుల్ ఉందేమో చూడండి, పాత రూట్ ఉంటే పీపీపీడీ మామూలుగా దాన్ని మార్చదు. పర్మిషన్ లేదు అంటే, డెబియన్, ఉబుంటుల్లో అయితే మీ యూజర్‌ని డయల్‌అవుట్ గ్రూప్‌లో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి.